అమ్మ టికెట్‌కు లెక్క వేరు

డాలస్ నుంచి హైదరాబాద్‌కు అమ్మ ఒక్కతే వెళ్లాలి. నా టికెట్ అయితే ఏది చవకైతే అదే. అమ్మకు తెలుగు తప్ప వేరే భాష రాదు. అందుకే ఈసారి ధర కన్నా ముందు ‘ఎన్నిసార్లు మారాలి?’ అని చూశాను.

2021 జనవరిలో ఎయిరిండియా చికాగో నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం వేసింది. తర్వాత అది ఆగిపోయింది. ఒక్కసారే మారే దారుల్లో నాకు తేలిగ్గా అనిపించినవి రెండు: ఎమిరేట్స్‌లో దుబాయ్ మీదుగా, ఖతార్ ఎయిర్‌వేస్‌లో దోహా మీదుగా.

రెండు విడి టికెట్లు కొంటే 200 డాలర్లు మిగిలేవి. కానీ మొదటి విమానం లేటై రెండోది తప్పిపోతే మళ్లీ మనమే కొనుక్కోవాలి. ఒకే బుకింగ్ అయితే తర్వాతి విమానంలో వాళ్లే పంపిస్తారు. సామాను కూడా నేరుగా శంషాబాద్‌లో అందుతుంది.

దుబాయ్ టికెట్ తీశాను. అక్కడిదాకానే దాదాపు 15 గంటలు. మధ్యలో 4 గంటలు ఆగేలా చూశాను, అమ్మ మోకాళ్లకు పరుగులు పడవు. వీల్‌చైర్ ముందే అడిగి పెట్టాను. దానికి డబ్బు కట్టక్కర్లేదు. తోసుకెళ్లే మనిషే గేటు దాకా తీసుకెళ్తాడు. భాష రాని అమ్మానాన్నలకు అదే పెద్ద ధైర్యం.

అంతా విని అమ్మ అడిగింది: “సూర్యాపేటల దిగి తుంగతుర్తి బస్సు ఎక్కినట్టేనా బిడ్డా?”

“అట్లనే అమ్మా.”

“గంతేనా! మరి నువ్వెందుకు నిద్రపోతలేవు?”