కుక్కే కదా... అనకండి!

ఇంట్లో మనిషి పోతే వాడకట్టంతా వస్తుంది. పొయ్యి వెలగని ఇంటికి పక్కింటి నుంచి అన్నం గిన్నె వస్తుంది. మూడో రోజు, పదకొండో రోజు అంటూ చేయాల్సిన పనులుంటాయి. ఆ పనులే మెల్లమెల్లగా మనిషిని మళ్లీ నిలబెడతాయి. మరి పెంచుకున్న కుక్క పోతే? వచ్చేవాళ్లుండరు. చేయాల్సిన కర్మ ఉండదు. తెలిసినవాళ్లు మాత్రం ఒక్క మాట అంటారు... 'కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి!'

నల్లగొండలో ఓ చిరుద్యోగి కుటుంబానికి ఇదే అనుభవమైంది. వాళ్ల అమ్మాయికి పదకొండేళ్లు. ఆ ఇంటి టైగర్‌కూ పదకొండేళ్లే. ఇద్దరూ ఒకే వాకిట్లో పెరిగారు. మూత్రపిండాలు చెడిపోయి మూడు వారాలు తిండి మానేసిన టైగర్, ఓ తెల్లవారుజామున కన్నుమూసింది. ఉన్నది అద్దె ఇల్లు. గొయ్యి తీయడానికి జాగా లేదు. పాత చీరలో చుట్టి, ఆటోలో పెట్టుకుని, దేవరకొండ దగ్గరున్న సొంత చెలకకు తీసుకెళ్లారు.

ఆ ఉదయం ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి 'ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు' అని సెలవు అడిగాడు. ఉన్నమాట చెబితే నవ్వుతారని భయం. కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ అందరికీ చిన్నప్పుడే తెలుసు. అయినా కుక్క పోయిందని ఒక్కరోజు సెలవు అడగడానికి నోరు రాదు.

మర్నాటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. అన్నం మిగిలితే ఇల్లాలి చెయ్యి అలవాటుగా వాకిలి వైపు పోయేది. గేటు చప్పుడైతే అందరూ ఒక్క క్షణం ఆగేవారు... మొరుగుతుందేమోనని. పానగల్లు చెరువుకట్ట మీదికి పొద్దున్నే నడకకు వెళ్లడం ఆయన మానేశాడు. 'పది రోజుల ముందు డాక్టరుకు చూపించి ఉంటే...' అన్న ఆలోచన నిద్ర పట్టనిచ్చేది కాదు. నిజానికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిన్నాకే కుక్కల్లో ఆ జబ్బు లక్షణాలు పైకి కనిపిస్తాయి. పశువైద్యుడు ఆ సంగతి చెప్పాడు. అయినా మనసు వింటేనా!

ఇలా పైకి చెప్పుకోలేని బాధకు ఒక పేరుంది. లోకం గుర్తించని దుఃఖం. కెన్నెత్ డోకా అనే అమెరికా ఆచార్యుడు 1989లో దీని గురించి పుస్తకమే తెచ్చారు. బాధ ఎంత పెద్దదైనా, 'నువ్వు ఏడవొచ్చు' అని చుట్టూ ఉన్నవాళ్లు అనకపోతే అది లోపలే గడ్డకడుతుందన్నది అందులోని సారాంశం.

అవ్వ చెప్పిన మాట

ఆ ఇంట్లో ఆ మాట అన్నది అవ్వే. ఆమె పుట్టిల్లు అచ్చంపేట వైపు. ఒకప్పటి పాలమూరు జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లా. గొర్ల కాపరుల ఇంటి ఆడబిడ్డ. నాలుగు రోజులు కొడుకు మౌనం చూసి, అయిదో రోజు పక్కన కూర్చుంది.

"ఏడ్వు కొడుకా, తప్పేంది? నా చిన్నప్పుడు మంద మీద చిర్తపులి వడితె మా కుక్క అడ్డం వోయింది. గొర్లు దక్కినయ్, కుక్క దక్కలే. మా నాయిన తెల్లార్లు దాని పక్కన్నే కూసున్నడు. పొద్దుగాల బొంద దీసి, తను కప్పుకునే గొంగట్ల సుట్టి పెట్టిండు. ఆ సలికాలమంత గొంగడి లేకనే ఎల్లదీసిండు. ఎవ్వలూ నవ్వలే."

ఆ రాత్రి ఇంటిల్లిపాదీ టైగర్ గురించే మాట్లాడుకున్నారు. అది చెప్పు ఎత్తుకుపోయిన రోజు, దీపావళి టపాసులకు మంచం కింద దూరిన రోజు... మధ్యలో నవ్వారు కూడా. కుక్క పోయాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదలు.

రాతికెక్కిన కుక్క

అవ్వ మాట కొత్తదేమీ కాదు. అచ్చంపేట దాటితే అమ్రాబాద్ అడవి. అక్కడి చెంచుపెంటల్లో 1940లో హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం వెలువరించారు. విల్లు పట్టి వేటకు వెళ్లే చెంచుకు కుక్కే తోడు. అడవిలో బతికేవాళ్లకు దాని విలువ ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళితే పొరుగున కర్ణాటకలో, మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన శాసనం ఉంది. క్రీ.శ. 949-50 నాటిది. తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే వీరుణ్ని, గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. అతను 'కాళి' అనే వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క ఓ పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ చచ్చాయి. దాని గుర్తుగా గుడి ముందు రాయి నిలిపి, దానికి పూజ జరగాలని భూమి కూడా ఇచ్చారు. వెయ్యేళ్లు దాటినా ఆ కుక్క పేరు నిలిచింది.

అందరూ శాసనాలు వేయించలేరు. కానీ చేయగలిగినవి ఉన్నాయి. బావికి, బోరుకు దూరంగా లోతుగా గొయ్యి తీసి మర్యాదగా పూడ్చడం ఒకటి. 'ఊరికి పంపించాం' అని పిల్లలకు అబద్ధం చెప్పకపోవడం మరొకటి. అలా చెబితే వాళ్లు రోజూ గేటు వైపే చూస్తుంటారు. చనిపోయింది, ఇక రాదు అని చెప్పి, వాళ్లతోపాటు ఏడవడమే మేలు. గొలుసు, గిన్నె ఎప్పుడు తీసేయాలో ఇంట్లోవాళ్లకే వదిలేయాలి.

ఇంకో కూనను తేవడానికీ తొందర వద్దు. పాత కుక్క స్థానంలో కూర్చోబెడితే కొత్తదానికీ అన్యాయమే. పైగా పోయిన కుక్క పార్వో జబ్బుతో పోయి ఉంటే, ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. పశువైద్యుణ్ని అడిగి, టీకాలు పూర్తయిన దాన్నే తెచ్చుకోవాలి.

ఇవన్నీ కుక్కను పోగొట్టుకున్న ఇంటివాళ్లు చేసుకునేవి. పక్కింటివాళ్లు చేయాల్సింది ఒక్కటే. ఈసారి మీ వాడకట్టులో ఎవరింట్లోనైనా కుక్క పోయిందని తెలిస్తే, ఇంకోటి తెచ్చుకొమ్మని చెప్పకండి. ఓ పది నిమిషాలు వాళ్ల అరుగు మీద కూర్చుని, 'ఎట్లుండేది మీ కుక్క?' అని అడగండి. మిగతాది వాళ్లే చెబుతారు.