అయిదొందల ముక్కల గుడ్లగూబ

పిల్లలు గుడ్లప్పగించి చూస్తుంటే "గుడ్లగూబలా ఏమిట్రా ఆ చూపు?" అని కసురుతాం. పాపం, ఆ పిట్ట మాత్రం ఏం చేస్తుంది? మనలా కనుగుడ్లు అటూ ఇటూ తిప్పే వీలు దానికి లేదు. పక్కకి చూడాలంటే తలంతా తిప్పాల్సిందే. అందుకే మన మెడలో 7 ఎముకలుంటే దాని మెడలో 14. తలని 270 డిగ్రీల దాకా తిప్పేస్తుంది. ఆ సౌకర్యం మనకే వుంటే పొయ్యిమీద పాలనీ, వీధి గుమ్మాన్నీ ఒక్కచోటే నిలబడి కనిపెట్టుకుని వుండేవాళ్ళం కదూ!

నాకీ గుడ్లగూబల గోల పట్టించింది మా చెల్లెలి కూతురు. అమెరికా నుంచి వస్తూ ఒక జిగ్‌సా పజిల్ తెచ్చింది. చెట్టు తొర్రలో కూచున్న గుడ్లగూబని ఎవరో ఓపికమంతుడు ఫొటో తీస్తే, దాన్ని అట్టమీద అతికించి అయిదొందల ముక్కలు చేశారు. ఈ ఆట మొదలైంది పిల్లల చదువు కోసమట. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన దేశపటాన్ని చెక్కకి అంటించి, సరిహద్దుల వెంట కోసి, భూగోళం నేర్చుకొమ్మని అమ్మాడు. ఇప్పుడు పటాల బదులు పక్షులొచ్చాయి.

పెట్టె మూత చూస్తూనే, నా దగ్గరే వుంటున్న మా మేనత్త చెవులు మూసుకుంది. "శివ శివా! గూబ బొమ్మ ఇంట్లో ఏమిటే? అది కప్పుమీద వాలితేనే ఇల్లు పాడుపెట్టి వెళ్ళిపోయేవాళ్ళం!"

ఈ మాటన్న అత్తయ్య ఇరవయ్యో ఏట పసుపుకుంకాలు పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో ఎవరు ప్రయాణమైనా, ఒకరు చెప్పకుండానే తలుపు చాటుకి తప్పుకోవడం అరవై ఏళ్ళుగా అలవాటైపోయిన మనిషి.

అంచు ముక్కలు నేనే పేర్చాను. తిన్నగా వుంటాయి గనక తేలికే. మధ్యకొచ్చేసరికి ఏది బెరడో ఏది ఈకో తెలిస్తే ఒట్టు! దాని బతుకే అంత. పగలు కాకుల కంటపడితే పొడిచి తరుముతాయని చెట్టులో చెట్టులా కూచుంటుంది. మూడోనాడు అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని పక్కన చేరింది. "అది బెరడు కాదే, ఈక. అంచు మెత్తగా లేదూ?" అంది. పచ్చటి కన్నున్న ముక్క ఆవిడకే దొరికింది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇదేం చేస్తుందే మనల్ని? తనే బెదిరి తొర్రలో దాక్కుంటే!" అంది.

ఇంగ్లండులో ఎరిక్ హాస్కింగ్ అని పక్షుల ఫొటోలకి పేరుపడ్డ ఆయన వుండేవాడు. 1937లో గుడ్లగూబ గోళ్ళదెబ్బకి ఎడమకన్ను పోయింది. అయినా దాని మొహం చూడనని ఒట్టేమీ పెట్టుకోలేదు. తర్వాత కూడా గుడ్లగూబల్ని ఫొటోలు తీస్తూనే వున్నాడు. కన్ను పోయిన మనిషికే లేని కక్ష, పొలంలో ఎలకల్ని తిని మేలు చేసే పిట్టమీద మనకెందుకండీ? 1972 చట్టం వచ్చాక వాటిని పట్టినా అమ్మినా నేరమే. అయినా దీపావళి వస్తోందంటే చాటుమాటుగా బలులు జరుగుతూనే వున్నాయి. లక్ష్మీదేవి వాహనమనే నోటితోనే!

చూడకూడదన్నంత కాలమే భయం. ముక్కముక్కా చేతిలోకి తీసుకుని చూశాక ఇంకేం మిగుల్తుంది?

మొన్న మా అబ్బాయి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే అత్తయ్య అలవాటుగా లోపలికి లేచింది. వాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వు ఎదురొస్తే గానీ వెళ్ళనమ్మమ్మా!" ఆవిడ నావైపు చూసింది. నేను తలూపాను. చీరె కొంగు సర్దుకుని, మెల్లిగా నడిచి గుమ్మంలోకి వచ్చింది.

ఉద్యోగం వచ్చిందా అని మాత్రం అడక్కండి. వస్తే అత్తయ్య పుణ్యమూ కాదు, రాకపోతే ఆవిడ పాపమూ కాదు.