మగవాళ్ల ఆపరేషన్

రెండో కాన్పు తర్వాత మా ఇంటామెకు రక్తం బాగా తగ్గింది. పొద్దంతా బీడీలు చుట్టే మనిషి. ఇద్దరు పిల్లలు చాలనుకున్నాం. మా షోలాపూర్ గల్లీల్లో ఆ మాటకు అర్థం ఒక్కటే: ఆడమనిషి పోయి పొట్ట కోయించుకోవాలె. ఈసారి నేను చేయించుకుంటానన్నాను.

అమ్మ ఏడ్చింది. "సాంచాలు నడిపేటోనివి, నడుము పోతే ఎట్ల కొడుకా?" అమ్మ భయం ఉత్తదేం కాదు. 1975-77 ఎమర్జెన్సీలో మగవాళ్లను బలవంతంగా పట్టుకుపోయి కోశారన్న మాటలు విని పెరిగిన మనిషి.

డాక్టరు విడమరచి చెప్పాడు. వృషణాల్లో పుట్టే వీర్యకణాలు రెండు సన్నని నాళాల్లో బయటికి వస్తాయి. ఆ నాళాలనే తెంపి కట్టేస్తారు. మగతనాన్నిచ్చే హార్మోను ఆ దారిన పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకే బలమూ తగ్గదు, కోరికా తగ్గదు. అక్కడికే మత్తుసూది, చిన్న రంధ్రం, కుట్లు లేవు. అరగంట కూడా పట్టలేదు. మళ్లీ పిల్లలు కావాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, తెగిన నాళం తిరిగి అతికినా ఫలితానికి భరోసా లేదు.

ఇంకో సంగతి. ఆపరేషన్ అయిన నాటినుంచే ధీమాగా ఉండకూడదు. నాళంలో ముందే ఉన్న కణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అందాక నిరోధ్ వాడాలె, ఆనక వీర్యం పరీక్ష చేయించాలె. పరీక్ష ఎగ్గొట్టి, కడుపొస్తే భార్యను అనుమానించేటోన్ని ఏమనాలె?

వారంపాటు బరువులెత్తలేదు. ఎనిమిదో రోజు పనికి పోతే, పక్క సాంచా అన్న చాయ్ తాగుతూ మెల్లగా అడిగాడు, "నొప్పి ఎన్ని రోజులుంటది తమ్మీ?"

"రెండు రోజులన్నా" అన్నాను.