నూరెంబెర్గు నగరమున మరువపు పరిమళము

మా చెల్లెలి కాపురము జర్మనీ దేశమున నూరెంబెర్గు నగరములో. మూడవ కానుపునకు నెల దినములు ముందుగనే ఆమె ఆసుపత్రిలో పరుండవలెనని వైద్యులు నిర్ణయించిరి. మావారు పనిచేయు పాఠశాలకు వేసవి సెలవులగుటచే, ఇంటనున్న యిద్దఱు పసివారిని చూచుకొనుటకై మేము దంపతులము విమానమెక్కి పోయితిమి. ఆడపిల్లకు ఆఱవయేడు, మగపిల్లవానికి మూడేండ్లు నిండినవి. సోదరీమణులారా, పరదేశమును చూడబోవుచున్నామన్న ఉత్సాహము మాకు లేకపోలేదు. కాని అచ్చట మేము మొదట చూచిన వింత కోటయు గాదు, దేవళమును గాదు. మేము కలిపిన పప్పన్నమును, నేతిని వలదని పళ్లెము త్రోసివైచిన ఆ చిన్నవాని మొగము.

రెండు దినములు వాడు రొట్టెముక్కలు కొఱికి పాలు త్రాగెనే గాని మఱేమియు ముట్టలేదు. “వుర్స్టు” కావలెనని ఒకటే యేడ్పు. వుర్స్టనగా సాసేజి: మాంసమును సన్నముగా కొట్టి, ఉప్పును సంభారములును కలిపి, కడిగిన ప్రేగుతొడుగులో కూరినది. రాత్రి చెల్లెలు టెలిఫోనులో “అక్కా, చిన్నాడు అన్నం తిన్నాడా?” యని యడిగెను. ఆసుపత్రిలోనున్న నిండు గర్భిణికి నిజమెట్లు చెప్పుదుము? తినెననియే చెప్పితిమి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

శనివారము సాయంకాలము ఒక పెద్ద అంగడికి పోయితిమి. అచ్చట గోడ పొడవునను సాసేజులే! జానెడువి, చిటికెనవ్రేలంతవి, పొగపట్టి యెఱ్ఱబాఱినవి, పాలవలె తెల్లనివి. మా యింట మేకమాంసమును చేపలును వండుకొందుము గాని పందిమాంసము వాడుక లేదు. కావున కోడిమాంసముతో చేసినదని బొమ్మ చూచి, చౌకగా వచ్చిన కట్ట యొకటి కొని తెచ్చి, సలసల మఱుగు నీళ్లలో వైచితిమి. తోళ్లు పగిలి ఉబ్బినవి. లోపలిది జిగురు; ఉప్పు కషాయము. చిన్నవాడు నోటబెట్టి ఉమిసెను. పెద్దపిల్ల మాత్రము గంభీరముగా, “పెద్దమ్మా, ఇది మా వుర్స్టు కాదు. అమ్మ నీళ్లు మరిగించదు, వేడి చేస్తుంది అంతే” యని మాకు పాకశాస్త్రము బోధించెను. మఱునాడు ఆదివారము, ఆ దేశమున చట్టము ప్రకారము అంగళ్లు మూతపడును. ఆ దినమెట్లు గడచినదో మేము వ్రాయము.

సోమవారము మా యవస్థ చూచిన పొరుగింటి వృద్ధురాలొకతె మమ్ము వెంటబెట్టుకొని పాతపట్టణమునకు బయలుదేఱెను. పెగ్నిట్సు అను చిన్ననది నగరము నడుమ పాఱుచున్నది. దానిని దాటినంతనే పెద్ద అంగడివీధి. ఆ చోట మేరీమాత దేవాలయము. మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఆ దేవాలయపు గడియారమునుండి బొమ్మలు వెలువడి, కూర్చున్న చక్రవర్తికి మూడుమాఱులు ప్రదక్షిణము చేయును. మావారు తల యెత్తి నిలుచుండిరి. ఈ పాతపట్టణము 1945 జనవరి 2న బాంబుల వలన చాలవఱకు నేలమట్టమైనదట. ఇప్పుడు మనము ప్రాచీనమని మురియునది పెక్కుచోట్ల తిరిగి కట్టినదే. మాకన్ననో ప్రదక్షిణములు లెక్కించు తీఱిక లేకపోయెను. చంకనున్న బిడ్డ తేలికయైనట్లు మాకు తోచుచుండెను.

మాంసపు దుకాణము చిన్నది, అద్దమువలె శుభ్రమైనది. అచ్చటి యమ్మ చిన్నవానిని చూచి, ఏమియు నడుగకయే, లేత వన్నెగల సాసేజినుండి పలుచని బిళ్ల యొకటి కోసి వాని చేతికిచ్చెను. దానిని గెల్బ్‌వుర్స్టందురు. పొగ పెట్టరు, కారముండదు. తల్లివెంట వచ్చిన పసివారికి ఇట్లొక బిళ్ల ఊరక ఇచ్చుట ఆ ప్రాంతపు దుకాణములలో వాడుక. వాడు తినెను. మఱల చేయి చాచెను. మాకు కన్నులు చెమర్చినవి. ఆ యమ్మ మా మొగము చూచి ఏమనుకొనెనో!

పిమ్మట మా పెద్దపిల్ల దుబాసియై ఆ ఊరి సాసేజుల సంగతి యంతయు మాకు విప్పి చెప్పెను. నూరెంబెర్గు పేరు పెట్టవలెనన్న నగరపు ఎల్లలలోననే చేయవలయును. 2003లో ఐరోపా సమాజము ఈ పేరునకు రక్షణ కల్పించినది. పొడవు 7 మొదలు 9 సెంటీమీటర్లు, బరువు 20 మొదలు 25 గ్రాములు, తొడుగు గొఱ్ఱెప్రేగు. పూర్వము కోటద్వారములు మూసినపిదప తాళపు రంధ్రమునుండి అందించుటకై ఇంత సన్నగా చేసిరని యొక కథ. నిజమో కల్లయో గాని, పసివాని పిడికిటికి సరిపోవుట మాత్రము నిజము.

లోపల వేయు ఆకేమియని యడుగగా, ఆమె ఎండుటాకును నలిపి మా యరచేతిలో పోసెను. వాసన చూచి మేము నివ్వెఱపడితిమి. అది మన మరువము! మల్లెలతో కలిపి కట్టి జడలో తుఱుముకొను మరువమే! మనము తలనుంచునది వారు వంటలోనుంచిరి.

అవి పందిమాంసముతో చేసినవి. మా యత్తగారి మొగము ఒక్క నిమిషము కన్నులయెదుట నిలిచినది. కాని ఆ బిడ్డ తల్లి పెట్టుచున్న తిండి యది. దానిని మాన్పింపవలసినవారము మేము కాము. పండ్రెండు కొంటిమి. “శూల్య” మను మాట, అనగా ఇనుపచువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసము, అమరకోశములోనే యున్నదని మావారు మమ్మూఱడించిరి. వల్లించినది మేమును, ఆ సమయమున అది యేల జ్ఞప్తికి రావలెను!

సన్నని సెగపై పెనముమీద దొర్లించుచు వేయించితిమి. చిన్నవానికి పొడవుగా నాలుగు చీలికలు చేసి పెట్టితిమి. గుండ్రని బిళ్లలు పసిగొంతులో అడ్డుపడు ప్రమాదమున్నది. ఊరబెట్టి, పొగబెట్టి నిలువచేసిన మాంసము దినమునకు 50 గ్రాముల చొప్పున నిత్యము తినువారికి పెద్దప్రేగు కాన్సరు భయము నూటికి 18 వంతులు హెచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2015లో తెలిపియున్నారు గనుక, వారమునకు రెండు పూటలే యని పిల్లలతో ఒడంబడిక చేసికొంటిమి. పెద్దపిల్ల బేరమాడి మూడు చేసినది.

ఆ రాత్రి చిన్నవాడు రెండు సాసేజులను పప్పన్నములో అద్దుకొని తినెను. ఇల్లంతయు మరువపు వాసన. మావారొకటి రుచిచూచి బాగున్నదనిరి, మేము ముట్టలేదు. టెలిఫోనులో చెల్లెలితో, మొదటి రాత్రి చెప్పినది అబద్ధమనియు, ఈ రాత్రిది నిజమనియు ఒప్పుకొంటిమి. అది కొంతసేపు పలుకలేదు. పిదప మెల్లగా, “అక్కా, నేనూ ఇక్కడ ఏమీ తినలేకపోతున్నానే. రేపు కాస్త మజ్జిగపులుసు పంపుతావూ?” అనెను.