సీటు సంగతి

మనిషికి తలనొప్పి వస్తే యింటిల్లిపాదికీ చెబుతాడు. మోకాలినొప్పి వస్తే వీధిన పోయేవాళ్లను ఆపి మరీ చెబుతాడు. కాని కూర్చునే చోట నొప్పి వస్తే మాత్రం కట్టుకున్న యిల్లాలికి కూడా చెప్పడు. అరవై నాలుగో యేట యీ సత్యం నాకు తెలిసివచ్చింది. తెలిసేలోపల నాలుగు సీట్లు మారాయి. మా అక్కయ్యకూ నాకూ మాటలు పోయేంత వరకూ వచ్చింది. యిటువంటి సంగతి మన పత్రికలో రాయవచ్చునా అని కొంత జంకాను. కాని నాలాగే నోరు మూసుకుని బాధపడేవారు మన కుటుంబాలలో మరి కొందరైనా వుంటారు గదా అనే ధైర్యంతో రాస్తున్నాను. చదువరులు నవ్వదలిస్తే నవ్వవచ్చు.

మాది ముఖేడ్. మా తాతగారు నిజాం కాలంలో మగ్గం సామాను ఎడ్లబండిలో వేసుకుని నిజామాబాదు వైపు నుంచి వచ్చి యిక్కడ స్థిరపడ్డారు. మేము వున్నచోటనే వున్నాం గాని మా కాళ్ల కింద రాజ్యాలు మారాయి. 1948 దాకా నిజాం రాజ్యం; 1956 దాకా హైదరాబాదు రాష్ట్రం; ఆ యేడు నవంబరు 1 నుంచి బొంబాయి రాష్ట్రం; 1960 మే 1 నుంచి మహారాష్ట్రం. బడిలో మరాఠీ, బజారులో మరాఠీతో పాటు కొంత దక్కనీ, యింట్లో తెలుగు. నేను మరాఠీ బడిలో ముప్పై యేళ్లకు పైగా లెక్కలు చెప్పి విరమించాను. వూరివారికి నేను గురూజీని. మా అక్కయ్యకు మాత్రం యిప్పటికీ "తమ్మి"నే.

అక్కయ్య జాంబు దారిలో, మాకు తొమ్మిది కిలోమీటర్ల దూరాన వున్న వొక పల్లెలో వుంటుంది. బావగారు పోయి ఆరేళ్లయింది. కొడుకు భివండీలో మరమగ్గాల పనిలో వున్నాడు. వొంటరి మనిషి గనుక ప్రతి గురువారం నేను వెళ్లి, ఆమె చేతి జొన్నరొట్టె తిని, మంచీ చెడూ మాట్లాడి సాయంత్రానికి తిరిగి వస్తాను. యిదివరకు ఎస్టీ బస్సులో వెళ్లేవాణ్ణి. పోయిన సంవత్సరం నాకు చక్కెర జబ్బు కొద్దిగా పొడచూపింది. డాక్టరుగారు రోజూ వొంటికి చెమట పట్టాలన్నారు. ఆ మాట చెవిని పడగానే పూణేలో వున్న మా పెద్దమ్మాయి వొక హైబ్రిడ్ సైకిలు కొని పంపించింది.

హైబ్రిడ్ అనే మాట మన ప్రాంతంలో కొత్తది కాదు. 1964లో దేశంలో మొట్టమొదటి సంకర జొన్న విడుదలైనప్పటి నుంచీ రైతు నోట నలిగినదే. సైకిళ్లలో కూడా అటువంటి సంకరమే యిది. పందెపు సైకిలు చక్రాలు పెద్దవి, నడక తేలిక; కొండల సైకిలుకు తిన్నని హ్యాండిలు, గతుకులకు ఓర్చే బలం వుంటాయి. రెండిటి గుణాలూ కొంచెం కొంచెం కలిపితే హైబ్రిడ్. మాది బాలాఘాటు గుట్టల ప్రాంతం, దారంతా ఎత్తుపల్లాలే. గేర్లున్న బండి గనుక ఎత్తు ఎక్కడం సులువయింది. మొదటి గురువారం మూడు కిలోమీటర్లు పడుచువాడిలాగే తొక్కాను.

నాలుగో కిలోమీటరు దగ్గర కూర్చునే చోట సూదులు గుచ్చినట్టయింది. ఆరో కిలోమీటరుకు ఆ సూదులు కూడా తెలియడం మానేశాయి; తిమ్మిరి పట్టింది. అక్కయ్య గడపలో దిగేసరికి నడక వొంకర పోయింది. "ఏమైంది తమ్మి?" అన్నది. "ఏంలేదక్కా, చెప్పు కొరికింది" అన్నాను. ఆ చిన్న అబద్ధమే తర్వాత పెద్దదయింది.

మర్నాడు బజారుకు పోయి సీటు మీద తొడిగే మెత్తని తొడుగు వొకటి కొన్నాను. బొటనవేలితో నొక్కితే రెండో కణుపు దాకా దిగింది. యిక స్వర్గమే అనుకున్నాను. ఐదు నిమిషాలు స్వర్గమే. అరగంటకు మునుపటి కన్న యెక్కువ తిమ్మిరి. తొడుగు పనికిరాలేదని మెత్తని వెడల్పు సీటు బిగించుకున్నాను. దానితో తొడలు రెండూ వొరుసుకుని మంట పుట్టింది.

అప్పుడు మా నాయన సైకిలు గుర్తుకు వచ్చింది. అది అట్లాస్ బండి. ఆ కంపెనీ 1951లో హర్యానాలోని సోనీపట్‌లో మొదలై, దేశంలో సగం పల్లెలను తొక్కించి, చివరికి సాహిబాబాద్‌లోని ఆఖరి కార్ఖానాలో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినం నాడే పని నిలిపివేసింది. మా నాయన ఆ బండి వెనుక చీరెల మూట కట్టుకుని దేగ్లూరు దాకా అమ్మకానికి పోయేవాడు. యే రోజూ కూర్చోలేనని అనలేదు. దాని తోలు సీటు మా అటక మీద యింకా వుంది. తుడిచి, మిస్త్రీ దగ్గరికి పట్టుకుపోయాను. దాని కింది బిగింపు పాత కాలపు సన్నని గొట్టానికి చేసినది. కొత్త బండి గొట్టం లావు. మిస్త్రీ తంటాలు పడి, పైన సన్నగా, కింద లావుగా వున్న గొట్టం సంపాదించి బిగించాడు.

యెక్కి కూర్చున్నాను. సీటు నిండా మా నాయన వున్నాడు గాని నాకు చోటు లేదు! తోలు సీటు సంగతే అంత. బర్మింగ్‌హామ్‌లో బ్రూక్స్ అనే ఆయన 1882లో అటువంటి సీటుకు పేటెంటు కోరిన నాటి నుంచీ అది చేసే పని వొకటే. యినుప చట్రం మీద బిగించి లాగిన తోలు, కూర్చునే మనిషి యెముకల గుర్తుకు తగినట్టు నెమ్మదిగా లోతు పడుతుంది. కొన్ని నెలలు ఓర్చుకుంటే ఆ మనిషికి అంతకన్న సుఖమైనది లేదు. కాని అది ఆ మనిషికే. ఆ రెండు పల్లాలూ మా నాయనవి. నా యెముకలు వాటి గట్ల మీద పడ్డాయి.

యిన్ని తంటాలు పడుతున్నానే గాని యెవరికీ నోరు విప్పి చెప్పలేదు. పోనీ, బస్సులో వెళ్లవచ్చు గదా? వెళితే "సైకిలు యేమైంది?" అని అక్కయ్య అడుగుతుంది. అమ్మాయి కానుకను తీసి పక్కన పెట్టానని చెప్పాలి. అందుచేత వొక గురువారం జ్వరమన్నాను, వొకసారి చుట్టాలన్నాను, రెండుసార్లు ఫోనే యెత్తలేదు. నాలుగు గురువారాలు గడిచాయి.

ఐదో గురువారం అక్కయ్యే బస్సు దిగి వచ్చింది. మంచినీళ్లు యిచ్చినా తాగలేదు. కొంగున కట్టుకున్న కాగితం వొకటి తీసి నా ముందు పెట్టింది. అది మా నాయన కట్టిన మగ్గపు యింటి కాగితం. అంతకు నెల ముందు ఆ పాత యిల్లు అమ్ముదామని నేను అంటే, వద్దని ఆమె గట్టిగా అన్నది. నిజానికి నేను ఆ మాట అప్పుడే మరిచిపోయాను.

"యిల్లు అమ్మొద్దన్నందుకే గదా తమ్మి నా గడప తొక్కుతలేవు? అమ్ముకో. సంతకం పెడ్త. యిల్లు పోతె పోనీ, నువ్వు వస్తె చాలు" అన్నది. ఆ మాటతో కళ్లు తుడుచుకుంది.

నా గుండె నీరయింది. యే సిగ్గు కోసం యీ ముసలితల్లి నాలుగు వారాలు నిద్ర లేకుండా గడిపిందో చెప్పవలసి వచ్చింది. చెప్పాను, నేల చూపులు చూస్తూ చెప్పాను. కాసేపు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు పట్టలేకపోయింది. వంటింట్లో నుంచి మా ఆవిడ నవ్వు కూడా వినిపించింది.

నవ్వు ఆగిన తర్వాత అక్కయ్య అన్నది: "మెత్తటిది యెందుకు కొన్నవురా? బాపు మగ్గం గుంట అంచుకు చెక్క మీద వొక్క మడత బొంత వేసుకునేటోడు. గట్టిగున్నదని నేనొకనాడు నాలుగు మడతలు వేస్తె తీసి పారేసిండు. మెత్తగుంటె కుదురుండది బిడ్డా, కాలు ఆడదు అన్నడు. మర్చిపోయినవా?"

లెక్కలు చెప్పినవాణ్ణి నేను. లెక్క తెలిసినది ఆమెకు. గుంట మగ్గం నేసేవాడు గంటల తరబడి కూర్చుని కాళ్లతో తొక్కుతాడు. సైకిలు మీది పనీ అదే. మనిషి బరువు ఆనవలసినవి పిరుదుల కింద వున్న రెండు యెముకల కొనలు. సీటు మరీ మెత్తనైతే ఆ కొనలు లోపలికి దిగిపోతాయి. చుట్టూ వున్న మెత్తదనం ఉబికి మధ్యనున్న సుతిమెత్తని భాగాన్ని వొత్తుతుంది. అక్కడి నరాలు, రక్తనాళాలు నలుగుతాయి. తిమ్మిరికి కారణం అదే. అమెరికాలో సైకిళ్ల మీద గస్తీ తిరిగే పోలీసులకు ముందు ముక్కు లేని సీట్లు ఆరు నెలలు యిచ్చి చూశారనీ, యెక్కువమందికి తిమ్మిరి పోయిందనీ 2008లో అక్కడి ప్రభుత్వ పరిశోధకులు ప్రకటించారు. డాక్టరుగారు కూడా, "దిగిన తర్వాత కూడా తిమ్మిరి వుంటే దాచకూడదు గురూజీ, అందులో చక్కెర వున్నవారు అసలే దాచకూడదు" అని మందలించారు.

ఆ సాయంత్రమే అమ్మాయికి ఫోను చేశాం. మాట్లాడింది అక్కయ్యే, నాకు దాచుకోవడానికి యేమీ మిగలలేదు. అమ్మాయి చెప్పిన ఉపాయం యిది. అలలు అలలుగా వుండే అట్టపెట్టె ముక్క వొకటి గట్టి బండ మీద పెట్టి, దాని మీద కూర్చుని, పాదాలు కొద్దిగా పైకి లేపి, కొంచెం ముందుకు వంగాలి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి మధ్యబిందువుల దూరం కొలవాలి. నాది పన్నెండున్నర సెంటీమీటర్లు వచ్చింది. మా ఆవిడ కూడా కూర్చుని చూసుకుంది, ఆమెది పద్నాలుగు. ఆడవారికి సాధారణంగా ఆ దూరం యెక్కువే వుంటుందట. శరీరం లావును బట్టి మాత్రం అది వుండదు. బక్కవాడికి వెడల్పు, లావుపాటివాడికి తక్కువ వుండవచ్చు.

దానికి యెంత కలపాలనేది కూర్చునే తీరును బట్టి వుంటుంది. మా నాయన బండి మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. బరువంతా సీటు మీదనే. అందుకే దానికి వెడల్పు, కింద స్ప్రింగులు. పందెపు బండివాడు బాగా వంగుతాడు. బరువులో కొంత చేతులకు, కాళ్లకు పోతుంది. అతనికి సన్ననిది చాలు. హైబ్రిడ్ నడుమది గనుక కొలతకు రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే సరి. నా లెక్క పద్నాలుగున్నరకూ, పదిహేనున్నరకూ మధ్య వచ్చింది. బండితో వచ్చిన సీటు కొలిస్తే పదమూడున్నర. తప్పు దానిది కాదు; అది మరొకరి కొలత.

కొత్తది కొనకముందు మిస్త్రీ మరో రెండు సంగతులు చూశాడు. పెడలు అట్టడుగున వుండగా మడమ దాని మీద పెడితే కాలు చక్కగా సాగాలి. అప్పుడు మునిపాదంతో తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగి వుంటుంది. సీటు పొట్టిగా వుంటే బరువంతా దాని మీదనే పడి మోకాళ్లు కూడా నొస్తాయి. మరీ యెత్తయితే నడుము అటూ యిటూ వూగి వొరుసుకుంటుంది. నా సీటు రెండంగుళాలు పొట్టిగా వుంది. రెండోది, దాని ముక్కు ఆకాశం చూస్తోంది! తాపీవాళ్ల రసమట్టం తెచ్చి సీటు మీద పెట్టి సమంగా బిగించాడు. "గురూజీ, యిన్నాళ్లూ చెప్పరేం? చెబితే పది నిమిషాల పని" అన్నాడు.

నాందేడ్ వెళ్లి వొక దుకాణంలో నా కొలత సీటు చూశాను. నొక్కితే కొద్దిగానే దిగింది. నడుమ పొడుగునా పల్లం వుంది. ఐదు నిమిషాలు కూర్చుంటే ప్రతి సీటూ మంచిదే గనుక, వారం రోజులు తొక్కి చూసి కుదరకపోతే తిరిగి యిచ్చే వొప్పందం మీద తెచ్చాను. మందపాటి కుట్లున్న ప్యాంటు మానేసి, కుట్టు సన్నగా వున్న పైజామా తొడిగాను. మొదటి రెండు రోజులు యెముకల కొనల దగ్గర కొంచెం సలుపు వుంది. కొత్త సీటుకు అది మామూలేనట. తిమ్మిరి మాత్రం రాలేదు. మూడో రోజుకు ఆ సలుపూ పోయింది. సీటు తిరిగి యివ్వలేదు.

ఆ గురువారం తొమ్మిది కిలోమీటర్లూ దిగకుండా తొక్కాను. అక్కయ్య అరుగు మీద పదిమంది ఆడవాళ్లతో కూర్చుని వుంది. నన్ను చూడగానే వీధి చివరిదాకా వినిపించేట్టు, "ఏం తమ్మి, సీటు కుదిరిందా? నొప్పి పోయిందా?" అని కేక వేసింది.

ఆ వూళ్లో యిప్పుడు నా సీటు సంగతి తెలియనివారు లేరు. కిందటి వారం వొక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "గురూజీ, ఆ అట్టముక్క కొలత యెట్లా?" అని అడిగాడు. నేను గొంతు తగ్గించకుండానే చెప్పాను.

మగ్గపు యింటి కాగితం అక్కయ్య కొంగుకే మళ్లీ కట్టాను. యిల్లు అమ్మడం లేదు. మా నాయన తోలు సీటు ఆ యింటి గోడకే, ఆయన కూర్చున్న గుంటకు యెదురుగా తగిలించి వుంది.