అడ్డపొగ, కడుపులో బిడ్డ

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగేవారు. ఇప్పటికీ కొందరు తాగుతున్నారు. దీన్నే అడ్డపొగ అంటారు. దీనివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు 1960ల్లోనే రాశారు. మరి గర్భిణి సంగతి? పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకందే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది.

"ఏవిళ్లప్పుడు సుట్టొక్కటే నోటికి ఇతవుగా ఉంటాదమ్మా" అందొక కూలితల్లి నాతో. అది వ్యసనమే. కానీ కోతల మధ్య ఆమెకు దొరికే కాస్త విశ్రాంతి కూడా అదే. దానికి బదులేమిటో ఆలోచించకుండా "మానెయ్" అంటే ఎలా మానుతుంది? ఆశా కార్యకర్త తిట్టకుండా అడగాలి. అత్తా, మొగుడూ తమ చుట్టలూ ఆర్పాలి. తల్లిని దోషిగా నిలబెట్టి బిడ్డను కాపాడలేం.