చెయ్యి పడిన చోట

బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ పడింది. పచ్చ లైటు కోసం చూస్తుంటే డాష్‌బోర్డులో ఇంకో లైటు వెలిగింది. పండిన బొప్పాయి రంగులో, చిటికెన వేలి గోరంత ఇంజిన్ బొమ్మ. అరగంట కిందటే సర్వీసింగ్ నుంచి తెచ్చుకున్న కారు. బిల్లు ఇంకా పక్క సీటు మీదే ఉంది. పాడైతే బాగు చేయించుకోవడం లోకరీతి గానీ, బాగు చేయించాక పాడవడం ఏమిటి?

పటమటలో ఇంటి ముందు ఆపి, కొన్నాక మొదటిసారి కారు పుస్తకం తెరిచాను. లైటు నిలకడగా వెలిగితే కంగారు పడకుండా చూపించుకోమంది. మిణుకుమిణుకుమంటే మాత్రం జోరు తగ్గించమంది. మంట సరిగా అంటుకోక, కాలని పెట్రోలు పొగగొట్టం దాకా పోయి అక్కడి కెటాలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుందట. నాది నిలకడైన లైటే. నిద్ర మాత్రం నిలకడగా పట్టలేదు. పెట్రోల్ బంకు మీద అనుమానపడ్డాను, మొన్నటి వాన నీళ్ల మీద పడ్డాను, చివరికి బండి జాతకం మీద కూడా పడ్డాను.

తెల్లారి ఆటోనగర్ వెళ్లాను. మా పటమట వాళ్లకి అది పొరుగిల్లే. 1960ల్లో నెహ్రూ పేరు పెట్టుకుని పుట్టిన ఊరు. గేటు దాటితే వెల్డింగ్ మెరుపులు, రేకుల మీద సుత్తి దెబ్బలు, సగం కట్టిన లారీ బాడీలు. నాకు తెలిసిన మేస్త్రీ అంబాసిడర్ల కాలం మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవాడు. ఇప్పుడు ఆయన షెడ్డులోనూ స్కానర్ ఉంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే రకం పదహారు పిన్నుల సాకెట్ ఉండాలన్నారు. ఆ సాకెట్టే ఇప్పుడు మన స్టీరింగ్ కింద కూడా కూర్చుంది.

కుర్రాడు స్కానర్ తగిలిస్తుంటే మేస్త్రీ బండి వంక చూడనే లేదు.

"మొన్న ఏం చేయించారు సార్?"

"మామూలు సర్వీసింగే మేస్త్రీ."

"మామూలంటే? ఎక్కడెక్కడ చెయ్యి పెట్టారు?"

బిల్లు చదివాను. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్...

"అక్కడాగండి."

"పీ0102 బాబాయ్," అన్నాడు కుర్రాడు అదే క్షణంలో. గాలి కొలిచే సెన్సర్ నుంచి కబురు సరిగా రావడం లేదని దాని అర్థం.

ఆ సెన్సర్ సంగతి నాకు భలే నచ్చింది. లోపల సన్నటి తీగని కరెంటు వేడిగా ఉంచుతుంది. పక్కనుంచి పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది, మనం కాఫీ మీద ఊదినట్టు. మళ్లీ వేడెక్కించడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి ఎంత గాలి వెళ్లిందో కంప్యూటర్ లెక్క కడుతుంది, దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. అది కూర్చునేది ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కనే. ఫిల్టర్ మార్చినవాళ్లు సాకెట్ ఊడదీసి, మళ్లీ పెట్టారు. పెట్టినట్టే ఉంది కూడా. మేస్త్రీ బొటనవేలితో నొక్కాడు. టక్.

"ఈ చప్పుడు వినకుండా చెయ్యి తియ్యకూడదురా," అన్నాడు కుర్రాడితో.

రాత్రంతా నేను ఊరంతా తిరిగొచ్చాను, ఆ బిల్లు దగ్గరికి తప్ప. సంక్రాంతికి సున్నాలు వేయించాక గోడ గడియారం ఆగితే, పాతదైపోయిందంటాం. దాన్ని దించి మళ్లీ తగిలించిన చెయ్యి గుర్తు రాదు. పైగా అది చాలాసార్లు మన చెయ్యే.

లైటు చెరిపేయమన్నాను. స్కానర్‌తో అది ఒక్క నొక్కు పని.

"వద్దు సార్. మనం ఆర్పితే ఏం తెలుస్తుంది? నాలుగు సార్లు తిప్పండి, నయమైతే అదే ఆరుతుంది." ఎంతివ్వమంటావంటే, "నొక్కినందుకేంటి ఇచ్చేది? పిల్లాడికి టీ డబ్బులు ఇవ్వండి," అన్నాడు.

రెండు రోజులు ఆ బొప్పాయి రంగు చూసుకుంటూనే తిరిగాను. మూడో రోజు కానూరు వెళ్లొస్తూ ఎవరితోనో ఫోన్లో ఉన్న మా ఆవిడ, మధ్యలో ఆగి, "అదేదీ?" అంది. ఎప్పుడు ఆరిందో నేనూ చూడలేదు.